తువ్వాలు కింది మాట

బెంగళూరు చిక్కపేటలో చీరల దళారీ వెంకటగిరియప్ప నోరంటే మామూలు నోరు కాదు. ధర్మవరం నుంచి మూట దించిన నేతగాడినీ, ససేమిరా కొనేది లేదని భీష్మించుకున్న అంగడాయన్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, ఇద్దరూ తామే గెలిచామనుకునేట్టు మాట్లాడి పంపేవాడు. తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో బతిమాలి, హిందీలో కసిరి, మళ్ళీ తెలుగులోకి వచ్చి నవ్వించేవాడు. అట్లాంటి మనిషికి దేవుడు చేసిన చోద్యం చూడండి. వచ్చిన జబ్బు కాళ్ళను వదిలేసింది, కళ్ళను వదిలేసింది, సరాసరి వెళ్ళి నోటి మీదే కూర్చుంది.

మొదట మనుషుల పేర్లు పోయాయి. తర్వాత వస్తువుల పేర్లు. లోటా అనలేక ‘అది, తాగేది, అది’ అనేవాడు. చివరికి ‘అది’ ఒక్కటే మిగిలింది, కొన్నాళ్ళకు అదీ పోయింది. మెదడులో ఎడమ పక్కన, మాటలుండే చోటు కొంచెం కొంచెంగా చచ్చిపోతోందని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. భార్య అంబిక తలాడించి వచ్చేసింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ‘కాసేపు నోరు మూసుకోవయ్యా సామీ’ అని మొగుణ్ణి ఎన్నిసార్లు కసిరిందో అవన్నీ గుర్తొచ్చి, ఆ రోజు వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

వాళ్ళకు పిల్లల్లేరు. చిక్కపేట సందులో ఉంటే ఈయన చెప్పాపెట్టకుండా మార్కెట్లోకి వెళ్ళి తప్పిపోతున్నాడని, బొమ్మనహళ్ళిలో ఉన్న తమ చిన్న ఇంటికి మారారు. చుట్టుపక్కలంతా గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్ళే. పొద్దున తాళాలు వేసుకుని పోతే మళ్ళీ సాయంత్రానికే రావడం. పగలంతా ఆ వీధిలో మనిషి అలికిడి ఉండేది కాదు.

మాట పోయాక వెంకటగిరియప్పకు కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. దీపం పెట్టే వేళకు గడప దగ్గర కుర్చీలో కూర్చుని, భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలు తీసి ఒళ్ళో పరుచుకునేవాడు. కాఫీ ఇవ్వడానికి అంబిక వంగిందంటే చాలు, ఆమె చెయ్యి పట్టుకుని తువ్వాలు కిందికి లాక్కునేవాడు.

అదేమిటో ఆమెకు తెలియకపోలేదు. పాతకాలం దళారులు బేరాన్ని నోటితో చెప్పరు. చుట్టూ పదిమంది చూస్తుంటారు కదా, వాళ్ళకు తెలియకూడదు. అందుకని ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని, నొక్కి, మడిచి మాట్లాడుకుంటారు. పైన మాత్రం పెళ్ళిళ్ళ సంగతులూ వానల సంగతులూ నడుస్తుంటాయి. ఏ వేలికి ఏ అర్థమో ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పరు. చెబితే వ్యాపారానికి కిట్టదని వాళ్ళ పట్టింపు. పెళ్ళయిన కొత్తలో అంబిక ఎంత బతిమాలిందో!

“లోకంలో ఉండే మాటలన్నీ నీకే చెప్తా ఉండాను కదే. ఇదొక్కటి మార్కెట్టుది, వదిలెయ్” అని నవ్వి తప్పించుకున్నాడు.

ఆ మార్కెట్టు అంటే ఆమెకు ఎప్పుడూ కంటగింపే. వరమహాలక్ష్మి పండగకు ఏటా ఒక చీర తెచ్చేవాడు. “అమ్ముడుపోక మిగిలిందా? నా మొహాన కొట్టేకి తెచ్చినావా?” అని ఆమె దెప్పేది. ఊరందరికీ జవాబు చెప్పే మనిషి, దానికి మాత్రం జవాబు చెప్పకుండా నవ్వి ఊరుకునేవాడు. మిగిలిపోయినవేనని ఆమె నమ్మకం. నమ్ముతూనే కట్టుకునేది.

ఇప్పుడేమో ఆయన దగ్గర ఆ వేళ్ళ భాష ఒక్కటే మిగిలింది. అది ఆమెకు రాదు.

తువ్వాలు కింద ఆయన చేసేది ఎప్పుడూ ఒకటే. ఆమె వేళ్ళన్నీ తడిమి, చిటికెన వేలు వెతికి పట్టుకుని, దాన్ని మడిచి తన గుప్పిట్లో దాచుకునేవాడు. దాచుకుని ఆమె మొహంలోకి చూసేవాడు. అంతే, ఇక వదలడు.

“ఏం కావల్లయ్యా? నీళ్ళా?” నీళ్ళు కాదు. “బాత్రూముకు పోవల్లనా?” అదీ కాదు. అన్నం కాదు, దుప్పటి కాదు, ఫ్యాను కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా వదిలేవాడు కాదు. రెండో చేత్తో ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని పరిగెత్తాల్సి వచ్చేది. తల ప్రాణం తోకకొచ్చేది ఆమెకు. తనను ఎవరో అంగడాయన అనుకుని బేరం చేస్తున్నాడని అర్థం చేసుకుంది. కట్టుకున్నదాన్ని మరిచిపోయినవాడు మార్కెట్టును మాత్రం మరవలేదని ఒళ్ళు మండింది కూడా. మండదా మరి?

తర్వాతిసారి ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరుతో చెప్పింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. వరండా నిండా జనం, తొందరలో ఉన్నాడు.

“మెదడు ముందుభాగం దెబ్బతింటే ఇట్లాగే అవుతుందమ్మా. చేతికి ఏది తగిలినా పట్టుకుని వదలరు, పసిపిల్లల్లాగా. అందులో అర్థమేమీ ఉండదు. మెత్తటి గుడ్డ ఒకటి చుట్ట చేసి చేతిలో పెట్టండి, మీకూ చెయ్యి ఖాళీ అవుతుంది” అన్నాడు.

అంబిక పాత పంచె ముక్కను చుట్టచుట్టి, దారంతో కట్టి, ఆ సాయంత్రం ఆయన గుప్పిట్లో పెట్టింది. వెంకటగిరియప్ప దాన్ని తువ్వాలు కిందికి తీసుకెళ్ళి ఈ కొన నుంచి ఆ కొనకు తడిమాడు. వేలు కోసం వెతుకుతున్నట్టే ఉందని ఆమెకు అనిపించింది. అనిపించినా వంటింట్లోకి వెళ్ళిపోయింది. చుట్ట కింద పడేస్తే మళ్ళీ తెచ్చి పెట్టేది. కొన్నాళ్ళకు ఆయన పడేయడం మానేశాడు. ఆ తర్వాత తువ్వాలు పరవడమూ మానేశాడు. వానలు మొదలయ్యేసరికి మనిషే లేకుండా పోయాడు.

పోయిన రోజు ఆసుపత్రివాళ్ళు, మెదడు ఇస్తారా అని అడిగారు. దాన్ని తీసి భద్రం చేసి ఈ జబ్బు సంగతి పరిశోధిస్తారట. తల మళ్ళీ కుట్టి, శరీరాన్ని ఆ పూటే అప్పగిస్తారట. దేవనహళ్ళి నుంచి వచ్చిన మరిది చంద్రశేఖర్ నెత్తీ నోరూ బాదుకున్నాడు.

“తలకాయలో ఉండేది తీసేసి పంపిస్తే అన్న ఆ లోకానికి ఎట్ల పోతాడు వదినా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?”

అంబిక సంతకం పెట్టింది. పుణ్యాత్మురాలన్నారు కొందరు, రాతిగుండె అన్నారు కొందరు. రెండూ కాదు. ఆమె దగ్గర ఒక ప్రశ్న ఉంది, దాని జవాబు ఆ తలలో తప్ప ఇంకెక్కడా దొరకదు. ఆ పట్టు జబ్బుదా, మనిషిదా? జబ్బుదైతే ఏ బాధా లేదు. మనిషిదైతే మాత్రం, మొగుడు మాట్లాడుతుంటే చేతిలో గుడ్డ కుక్కి లేచి వెళ్ళిపోయిన ఆడది తను.

కర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక ఇల్లు బావురుమంది. పాలవాడు సంచి గేటుకు తగిలించి పోతాడు. కూరగాయల బండివాడి మైకు మాట్లాడుతుంది గానీ వాడు మాట్లాడడు. ఒక మధ్యాహ్నం, తన గొంతు అసలుందో పోయిందో చూసుకోవాలనిపించి, “అంబికా” అని తనే పిలుచుకుంది. పిలిచాక సిగ్గేసి, చుట్టూ చూసింది. చూడ్డానికి ఎవరున్నారు కనక!

చలి మొదలయ్యాక, మెదడు తీసుకున్న ల్యాబు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, రిపోర్టు సిద్ధమైంది, పోస్టులో పంపుతామని.

“కాగితం నాకొద్దమ్మా. నేనే వస్తా. మనిషి నోటితో చెప్పల్ల” అంది అంబిక.

ఆ అమ్మాయి పేరు నవ్య. ఊరు పార్వతీపురం. అంబిక వెళ్ళేసరికి, బెంగళూరు వచ్చి ఏళ్ళవుతున్నా ల్యాబు ఏసీ గదిలో స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని కూర్చుంది. గదిలో మూతపెట్టిన డబ్బాలు, గాజు ముక్కలు, సన్నగా రొదపెట్టే మిషన్లు తప్ప రెండో మనిషి లేదు. తెలుగు వినగానే ఆ పిల్ల మొహం విచ్చుకుంది.

“చూపిస్తాను ఆంటీ, కానీ మీకు ఓకేనా? కొంతమంది చూశాక చాలా అప్‌సెట్ అయిపోతారు.”

“ఆయప్ప ఒళ్ళు కడిగినదాన్ని, బట్టలు మార్చినదాన్ని. నాకేం కొత్త? చూపించు తల్లీ.”

నవ్య కంప్యూటరు మీద ఒక బొమ్మ తెరిచింది. లేత నీలం మీద గోధుమరంగు చుక్కలు, ఉబ్బిపోయి, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి.

“వీటిని మైక్రోగ్లియా అంటారు ఆంటీ. మెదడుకి వాచ్‌మెన్ లాంటివి. ఎక్కడైనా ఏదైనా పాడైతే ముందు ఇవే వస్తాయి, క్లీన్ చేస్తాయి. కానీ ఒక్కోసారి వీటికి కోపం వచ్చేస్తుంది, ఇంక ఆగవు. మంచి కణాల్ని కూడా తినేస్తాయి. ఇది అంకుల్‌ది, మాటలుండే ఏరియా.”

అంబిక ఆ చుక్కల వంక చాలాసేపు చూసింది. కాపలాకు పెట్టుకున్నవాళ్ళే ఇల్లు దోచుకున్నారన్నమాట. కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

నవ్య ఇంకో బొమ్మ తెరిచింది. ఇందులో చుక్కలు కొంచెమే ఉన్నాయి. సన్నటి కొమ్మలు చాచుకుని, ఒకదానికొకటి తగలకుండా, దేని చోట్లో అది నిమ్మళంగా ఉన్నాయి.

“ఇదెవరిదమ్మా? జబ్బు లేనోళ్ళదా?”

“ఇదీ అంకుల్‌దే.”

“రెండూ ఒక తలలోవేనా?”

“ఒకే తల ఆంటీ. నా వర్క్ అంతా దీని మీదే. వాచ్‌మెన్లు అన్నిచోట్లా ఒకేలా ఉండరు. ఏరియాని బట్టి వాళ్ళ నేచర్ మారుతుంది. కొన్నిచోట్ల ముక్కు మీదే కోపం, కొన్నిచోట్ల భలే శాంతం. జబ్బు ఒకచోట మొదలై పక్కచోటుని ముట్టుకోకపోవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. ఎందుకలా అంటే మాత్రం పూర్తిగా ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు.”

“ఇది ఏ చోటు?”

“కుడిచేతిది. వేళ్ళని కదిలించే ఏరియా. ఇక్కడ జబ్బు దాదాపు లేనట్టే.”

అంబిక ఆ బొమ్మ మీద నుంచి కళ్ళు తిప్పుకుంది. తువ్వాలు సంగతి, చిటికెన వేలి సంగతి, డాక్టరు మాట అన్నీ చెప్పింది. గుడ్డ చుట్ట సంగతి చివర్లో గబగబా చెప్పేసింది. నవ్య మౌస్ వదిలేసి, కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది.

“డాక్టర్ గారు చెప్పింది తప్పని నేను అనలేను ఆంటీ. ముందుభాగం కొంత పాడైంది, అలాంటి పట్టు రావచ్చు. కానీ ఆ పట్టు అంటే, చేతిలో ఏది పడితే అది బిగించి పట్టుకోవడమే. వెతికి వెతికి ఒక్క చిటికెన వేలే తీసుకుని, మడిచి, మీ మొహం చూడటం…” ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. “అది నాకు అలా అనిపించట్లేదు.”

“అయితే ఏందో చెప్తా ఉన్నాడంటావా?”

“చెప్పగలిగే చెయ్యి అంకుల్‌కి ఉంది. ఏం చెప్పారో ఈ గాజు మీద కనపడదు ఆంటీ.”

అంబిక కొంగు సర్దుకుని లేచింది. “మాకు నంబర్లే తెలుస్తాయి. అంకుల్ పేరు నాకు ఇవాళే తెలిసింది. ఇలా ఎవరూ వచ్చి కూర్చోరు” అంది నవ్య, ఎందుకో తలదించుకుని. వెళ్తూ వెళ్తూ అంబిక ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది. “ఇంత చల్లగా ఉండాదేమే తల్లీ” అని, రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్ది వచ్చింది.

మరునాడు పొద్దున్నే బొమ్మనహళ్ళిలో మెట్రో ఎక్కి, ఆర్.వి. రోడ్డులో రైలు మారి, చిక్కపేటలో దిగింది. దారి పొడుగునా ఎవరి చెవుల్లో వాళ్ళు మాటలు పెట్టుకుని కూర్చున్నారు. మెట్లెక్కి పైకి రాగానే కొత్త గుడ్డ వాసన, తోపుడుబండ్ల గోల, ‘సైడు, సైడు’ అని మూటలవాళ్ళ కేకలు. వెంకటగిరియప్ప పోయాక ఆమె ఇటు రావడం ఇదే మొదలు.

ఆమె వెతుక్కుంటూ వచ్చిన ముసలి దళారీ అశ్వత్థప్ప ఎప్పటిలాగే ఒక చీరల హోల్‌సేల్ అంగడి అరుగు మీద కూర్చునున్నాడు. పని నేర్చుకున్నది వెంకటగిరియప్ప దగ్గరే. ఇప్పుడు బేరాలన్నీ ఫోన్లలో ఫోటోలు పెట్టి చేసుకుంటున్నారు. తువ్వాలు బేరం తెలిసినవాళ్ళలో చిక్కపేటలో మిగిలింది ఈయన, ఇంకెవరో ఒకరిద్దరు ముసలివాళ్ళు.

“రా వదినా, రా. బాగుండావా? అన్న పోయినంక ఇటుపక్క తల కూడా పెట్టలేదే!”

“ఒక మాట అడగల్లని వచ్చినా అశ్వత్థప్పా. నిజం చెప్పల్ల. తువ్వాలు కింద చిటికెన వేలు పట్టి, మడిచి, గుప్పిట్లో పెట్టుకుంటే ఏమర్థం?”

అశ్వత్థప్ప ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. “అది ఇంట్లోవాళ్ళకు చెప్పేది కాదు వదినా.”

“చెప్పకూడదన్న ఆయప్ప పోయినాడు. ఆ బేరాలూ పోయినాయి. ఇంగ ఎవరికోసరం దాస్తా ఉండావప్పా?”

ఆయన ఇంకోసారి అటూ ఇటూ చూసుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి అరుగు మీద పరిచాడు. “అన్న ఎట్ల పట్టినాడో అట్లే నా వేలు పట్టు, చూద్దాం.”

అంబిక తువ్వాలు కింద ఆయన వేళ్ళు తడిమి, చిటికెన వేలు తీసుకుని, మడిచి, గుప్పిట్లో దాచింది. అశ్వత్థప్ప తలెత్తి ఆమె వంక చూశాడు.

“ఇది బేరం కాదు వదినా.”

“మరి?”

“నేతగాడు మూట విప్పినంక, బేరం మొదలుకాక ముందే పట్టే పట్టు ఇది. ‘ఈ చీర తీసి పక్కన పెట్టు. దీనికి బేరం లేదు. ఇది మా ఇంటికి’ అని చెప్పేది. వరమహాలక్ష్మి వస్తా ఉండాదంటే అన్న మూట మూటకూ వెతుకుతా ఉండె. అన్నిటికంటే మంచి చీర కంటపడినంకనే ఈ పట్టు పట్టేది. తక్కిన వ్యాపారమంతా దాని తర్వాతనే.”

అంబిక తువ్వాలు కింద నుంచి చెయ్యి తీసుకుంది. “మిగిలిపోయినవి తెస్తాడనుకున్నా నేను” అంది.

“మిగిలిపోయినవా? ఎవరు చెప్పిరి నీకు?”

“నేనే అనుకున్నా. ఆయప్ప కాదనలేదు.”

“ఎట్ల కాదంటాడు వదినా? కాదంటే ఈ పట్టు సంగతి నీకు చెప్పల్ల కదా.”

అంబిక కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన తనను మరవలేదు, తన వేలు పట్టుకుని ‘ఇది మా ఇంటికి’ అన్నాడు. ఎవరో అంగడాయన అనుకోనూ లేదు. అయినా లోపల ఇంకా ఏదో అడ్డం పడి ఉంది.

“పట్టుకుని నా మొహమే చూస్తా ఉండె. ఎంత చెప్పినా వదిలేవాడే కాదు. అదెందుకప్పా?”

“జవాబు కోసరం” అన్నాడు అశ్వత్థప్ప. “ఊరికే పట్టుకుంటే అయిపోదు వదినా. అవతలి మనిషి బొటనవేలితో మన చెయ్యి మీద ఒక్కసారి నొక్కల్ల. ‘సరే, ఇది నీదే’ అని. ఆ నొక్కు వచ్చేదాకా చెయ్యి వదలకూడదు. వదిలితే ఆ చీర ఇంకొకరికి పోతుంది. అది మార్కెట్టు కట్టుబాటు.”

అయ్యో దేవుడా! ఆయన వదలకపోవడానికి కారణం అంతేనా? జవాబు రాలేదు, అందుకని వదల్లేదు. ఈరోజు రాకపోతే రేపు వస్తుందని మళ్ళీ మళ్ళీ తువ్వాలు పరిచాడు. నీళ్ళా, అన్నమా, బాత్రూమా అని ఆమె లోకంలో ఉన్నవన్నీ అడిగింది గానీ, ఒక్క బొటనవేలు కదిలించలేదు. చివరికి ఆయన గుప్పిట్లో గుడ్డ చుట్ట పెట్టింది. గుడ్డ చుట్టకు బొటనవేలు ఎక్కడుంటుంది? పాపం, ఆయన దాన్నీ ఈ కొన నుంచి ఆ కొనకు వెతికాడు.

అరుగు ముందు నుంచి ఒక తోపుడుబండి పోయింది, ఇంకొకటి పోయింది. అశ్వత్థప్ప రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు.

“ఇప్పుడు నువ్వు పట్టు అశ్వత్థప్పా” అంది అంబిక. “ఆయప్ప పట్టినట్ల పట్టు. నేను నొక్కుతా.”

ఆయన జంకాడు. వదిన వరస, నలుగురూ తిరిగే బజారు. కానీ ఆమె మొహం చూశాక కాదనలేకపోయాడు. తువ్వాలు సర్ది, కింద ఆమె చిటికెన వేలు వెతికి పట్టుకుని, మడిచి, గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి గుడ్డ తడిమి తడిమి నున్నగా అయిన అరచెయ్యి. వెంకటగిరియప్పదీ అట్లాగే ఉండేది.

అంబిక కళ్ళు మూసుకుంది. బొటనవేలు కదల్లేదు.

“నొక్కు వదినా” అన్నాడు అశ్వత్థప్ప మెల్లగా.

“నొక్కితే వదిలేస్తారు కదా?”

“వదిలెయ్యల్ల. అంతటితో అయిపోయినట్ల.”

ఆమె ఇంకా కాసేపు అట్లాగే కూర్చుంది. ఆ కాసేపూ ఆయన తొందరపెట్టలేదు. చెల్లెలో చుట్టమో అనుకుని ఉంటారు, దారిన పోయేవాళ్ళు ఎవరూ ఆగి చూడలేదు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న మనిషిని ఇంకా కూర్చోబెట్టడం అన్యాయం అనిపించింది చివరికి. అంబిక బొటనవేలు ఎత్తి, ఆ ముసలి చెయ్యి మీద ఒక్కసారి నొక్కింది.

అశ్వత్థప్ప మార్కెట్టు మనిషి. నొక్కు తగలగానే, కట్టుబాటు ప్రకారం, ఆ క్షణంలోనే చెయ్యి వదిలేసి బయటికి తీసుకున్నాడు. తువ్వాలు కింద ఆమె చెయ్యి ఒక్కటే మిగిలింది.